యార్క్‌టౌన్: నేల మీద లొంగుబాటు, నీళ్ళ మీద ఓటమి

రిచ్మండ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళకు వేసవిలో చుట్టాలు వస్తే, వాళ్ళను తిప్పి చూపించే చోట్ల వరుస దాదాపు ఖాయంగా ఉంటుంది. ముందు వాషింగ్టన్ నగరం, తర్వాత లూరే గుహలు, చివరికి వర్జీనియా బీచి. బీచికి పోయే దారిలో కాస్త ఎడమకు మళ్ళితే యార్క్‌టౌన్ వస్తుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1781లో, ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ తన సైన్యంతో సహా అమెరికన్ సేనాని వాషింగ్టన్‌కూ ఆయన మిత్రులైన ఫ్రెంచివాళ్ళకూ లొంగిపోయిన ఊరు అది. పన్నెండేళ్ళుగా ఇక్కడ ఉంటున్న నేను ఎందరినో అక్కడికి తీసుకువెళ్ళాను. వచ్చినవాళ్ళు విజయస్తంభం ముందు ఫోటో దిగి, నెల్సన్ గారి ఇటుక మేడ గోడలో ఇరుక్కున్న ఫిరంగి గుండ్లను ఒకరికొకరు చూపించుకుని, నది ఒడ్డున కూర్చుని పులిహోర తిని, మళ్ళీ కారెక్కుతారు. (ఆ గుండ్లు 1781 నాటివి కావు, పాత దెబ్బల్లో తర్వాతి కాలంవాళ్ళు అమర్చినవి. ఈ సంగతి చెబితే చుట్టాల ముఖాలు చిన్నబోతున్నాయని చెప్పడం మానేశాను.)

కిందటి వేసవిలో వచ్చిన మా మామగారు అలా కారెక్కే మనిషి కాదు. తెనాలి దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరైన ఆయన, ప్రతి పలక ముందూ ఆగి, కళ్ళజోడు పైకెత్తి ఆసాంతం చదివి, చివరికి నది వైపు తిరిగి, "అల్లుడుగారూ, నాకొక్క సంగతి చెప్పండి. ఇంగ్లీషువాడు ఇక్కడా వాడే, మన దగ్గరా వాడే. 1857లో మనవాళ్ళు వీళ్ళకంటే తక్కువ తెగించారా? మరి వీళ్ళెలా గెలిచారు, మనమెలా ఓడిపోయాం?" అని అడిగారు. నేను మూడు వేల మైళ్ళ దూరమనీ, వాషింగ్టన్ పట్టుదల అనీ నోటికొచ్చిన జవాబేదో చెప్పాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. దూరమే కారణమైతే లండనుకు కలకత్తా అంతకంటే చాలా దూరం. పట్టుదలే కారణమైతే ఝాన్సీలోనూ లక్నోలోనూ దానికి కొరత లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు చదివి, రాత్రిపూట భోజనాలయ్యాక మామగారితో వాదించి, నేను చేరుకున్న అభిప్రాయం ఇది. యార్క్‌టౌన్ దగ్గర తేలింది ఎవరి శౌర్యం ఎంత అన్న లెక్క కాదు, సముద్రపు దారి ఎవరి చేతిలో ఉందన్న లెక్క. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్నట్టు, సముద్రం దాటి వచ్చి ఏలే ప్రభుత్వం ప్రాణం దాని ఓడల్లో ఉంటుంది. 1781 ఆగస్టు చివరి నుంచి అక్టోబరు నడిమి దాకా, ఏడు వారాలపాటు, యార్క్‌టౌన్ నది వెళ్ళి కలిసే ఒక్క చెసపీక్ అఖాతం దగ్గర ఆ చిలక మెడ మీద చెయ్యి పడింది. వాషింగ్టన్ ప్రతిభ, కందకాలు, రాత్రి దాడి, కత్తి అప్పగింత అన్నీ నిజమే కాని, అవన్నీ ఆ ఏడు వారాల లోపల జరగగలిగిన పనులు.

ముందుగా, కార్న్‌వాలిస్ తెలివితక్కువై మూలలో ఇరుక్కున్నాడన్న మాట ఒకటి ఇక్కడి గైడ్ల నోట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట నేను ఒప్పుకోను. 1781 మార్చి 15న ఉత్తర కరొలినాలోని గిల్ఫర్డ్ కోర్ట్‌హౌస్ దగ్గర ఆయన తనకంటే రెట్టింపు ఉన్న అమెరికన్ సేనాని గ్రీన్ సైన్యాన్ని మైదానం నుంచి తరిమాడు కాని, సుమారు 1,900 మందిలో 500 మందికి పైగా చచ్చో గాయపడో పోయారు. లోతట్టు ప్రాంతంలో అలాంటి గెలుపు ఇంకొకటి గెలిస్తే సైన్యమే మిగలదని ఆయనకు అర్థమైంది. తీరంలోని విల్మింగ్టన్‌కు చేరి, అక్కడ నుంచి సుమారు 1,500 మందితో ఉత్తరానికి నడిచి, మే 20న వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్ చేరాడు. అక్కడ అప్పటికే ఉన్న బ్రిటిష్ దళాలతో కలిసి ఆయన చేతి కింద ఏడు వేలమంది అయ్యారు. ఎదురుగా ఉన్నది అమెరికన్ల వైపు పోరాడుతున్న ఇరవై మూడేళ్ళ ఫ్రెంచివాడు లఫాయెత్, ఆయన వెంట కొద్దిపాటి బలగం.

న్యూయార్కులో కూర్చున్న సర్వసేనాని క్లింటన్ ఆ వేసవి అంతా ఉత్తరం మీద ఉత్తరం పంపాడు. మూడు వేలమందిని న్యూయార్కుకు పంపమని ఒకటి, వద్దని మరొకటి, పెద్ద యుద్ధనౌకలు లంగరు వేయగల లోతైన రేవును చూసి కోట కట్టుకోమని ఇంకొకటి. ఇంజనీర్లు పనికిరాదన్న చోటును వదిలేసి, కార్న్‌వాలిస్ ఆగస్టు మొదట్లో యార్క్‌టౌన్‌నూ, దానికి ఎదురుగా ఏటికవతల ఉన్న గ్లౌస్టర్‌నూ పట్టుకున్నాడు. మనం ఒడ్డున నిలబడి చూస్తే ఆ ఎంపికలో తప్పేమీ కనబడదు. మైలు కూడా లేని వెడల్పుకు నది కుంచించుకుపోయిన చోటు అది, ఒడ్డు వెంబడే మంచి లోతు, ఎత్తయిన మెరక. పొగాకు పీపాలను లండనుకు ఎక్కించే ఓడలు దశాబ్దాలుగా అక్కడే ఆగేవి. వర్జీనియా పొగాకు అనగానే మామగారు ఒక్కసారి నవ్వారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకు వర్జీనియా అంటే దేశం పేరు కాదు, బ్యారన్‌లో కాల్చే ఆకు పేరు. సముద్రం మీద రాజ్యం నీదైతే యార్క్‌టౌన్ కంచుకోట, కాకపోతే బోను. తరతరాలుగా సముద్రం తమదే అన్న నమ్మకంలో పెరిగిన సేనాని రెండో మాట ఊహించకపోవడం మూర్ఖత్వం కాదు, అలవాటు.

రెండో వైపు చూస్తే, వాషింగ్టన్ చూపు ఆ వేసవి అంతా న్యూయార్కు మీదనే ఉంది. అయిదేళ్ళ కింద తాను పోగొట్టుకున్న ఊరు అది. ఏడాది కిందట న్యూపోర్టులో దిగిన ఫ్రెంచి సేనాని రొషాంబో, జూన్‌లో తన సైన్యంతో బయలుదేరి జులైలో హడ్సన్ నది దగ్గర ఆయనను కలిశాడు. న్యూయార్కు చుట్టూ ఉన్న బ్రిటిష్ కోటలను ఇద్దరూ తిరిగి చూశాక, అది తమ వల్ల అయ్యే పని కాదని తేలిపోయింది. నిర్ణాయకమైన నౌకాబలం లేనిదే ఏ పథకమూ సాగదని వాషింగ్టన్ 1780 జులైలోనే రాసిపెట్టాడు. అంటే ఈ వాదన నేను కొత్తగా కనిపెట్టింది కాదు, గెలిచినవాడు గెలవకముందే చెప్పినది. ఆగస్టు 14న అసలు కబురు వచ్చింది. పడమటి ఇండీస్ దీవుల నుంచి అడ్మిరల్ ద గ్రాస్ తన నౌకాదళంతోనూ 3,200 మంది సైనికులతోనూ న్యూయార్కుకు కాక చెసపీక్‌కు వస్తున్నాడు, అక్టోబరు 15 దాకా మాత్రమే ఉంటాడు, ఆ తర్వాత ఉండడు. తన మనసు న్యూయార్కు మీద ఉన్నా, పంతం వదిలి అయిదు రోజుల్లో దక్షిణానికి నడక మొదలుపెట్టడంలో వాషింగ్టన్ గొప్పతనం ఉంది. యుద్ధం చేయడంలోకంటే మనసు మార్చుకోవడంలో ఆయన నాకు ఎక్కువ పెద్దవాడుగా కనిపిస్తాడు.

ద గ్రాస్ తీసుకున్న సాహసం దీనికి తక్కువది కాదు. హిందూదేశంలోనూ అమెరికాలోనూ యుద్ధం నడుస్తుండగా ఫ్రెంచి అడ్మిరళ్ళకు అలవాటైన పని చక్కెర ఓడలను భద్రంగా స్వదేశానికి చేర్చడం. ద గ్రాస్ ఆ ఓడలను ఆపేశాడు. దీవులకు కాపలా స్పెయిన్‌వాళ్ళు చూసుకుంటామనేసరికి, తన యుద్ధనౌకలన్నిటినీ వెంటబెట్టుకున్నాడు. రొషాంబో డబ్బు లేదని మొరపెట్టుకుంటే హవానాకు కబురుపెట్టాడు. అక్కడి ఊరివాళ్ళ దగ్గర కొద్ది గంటల్లో 5,00,000 పెసోల వెండి పోగైంది. ఎదుటివైపు బ్రిటిష్ అడ్మిరల్ రాడ్నీ మాత్రం, ద గ్రాస్ తన బలగాన్ని రెండుగా చీల్చి సగం చక్కెర ఓడల వెంట పంపుతాడనే లెక్క వేసుకుని, జబ్బు వంకన ఇంగ్లండుకు వెళ్ళిపోతూ, తన కింది అడ్మిరల్ హుడ్ చేతికి 14 నౌకలే ఇచ్చి పంపాడు. హుడ్ నౌకలు అడుగున రాగి రేకు తాపడం చేసినవి, వడిగలవి. ఆ వడే కొంప ముంచింది. దారిలో ద గ్రాస్‌ను తెలియకుండానే దాటిపోయి ఆగస్టు 25న చెసపీక్‌లోకి తొంగిచూశాడు. అఖాతం ఖాళీగా కనిపించింది. ఇక్కడెవరూ లేరని న్యూయార్కుకు సాగిపోయి, అక్కడున్న అడ్మిరల్ గ్రేవ్స్‌తో కలిశాడు. అయిదు రోజుల తర్వాత 28 ఫ్రెంచి యుద్ధనౌకలు అదే అఖాతంలో లంగరు వేశాయి.

నేల మీద నడక కథను ఇక్కడి పిల్లలందరికీ బడిలో చెబుతారు కాబట్టి నేను క్లుప్తంగా దాటేస్తాను. న్యూయార్కు మీదకే వస్తున్నామని క్లింటన్‌ను నమ్మించడానికి న్యూజెర్సీలో రొట్టెల బట్టీలు కట్టారు, పడవలను బండ్ల మీద ఎక్కించి తిప్పారు. ఫిలడెల్ఫియా చేరాక, నెలల తరబడి జీతం ముఖం చూడని అమెరికన్ సైనికులు ముందుకు కదలడానికి మొరాయించారు. ఖజానా చూసే రాబర్ట్ మోరిస్ రొషాంబో పెట్టె నుంచి 20,000 డాలర్లు అప్పు తెచ్చాడు. చెసపీక్ తలాపున హెడ్ ఆఫ్ ఎల్క్ దగ్గర ఒక పీపా మూత పగలగొట్టి నాణేలు నేల మీద దొర్లించారని, అలా అయితే వెండి వచ్చిందని అందరికీ నమ్మకం కుదురుతుందని చేసిన పని అదని, అప్పటి సైనికుడొకడు ముసలితనంలో గుర్తుచేసుకున్నాడు. ఆ వెండి ఫ్రెంచివాళ్ళది. సైనికులు ఎక్కవలసిన ఓడలకు దారి కాచింది ఫ్రెంచివాళ్ళు. ముట్టడికి కావలసిన పెద్ద ఫిరంగులు న్యూపోర్టు నుంచి బారాస్ అనే మరో ఫ్రెంచి అడ్మిరల్ ఓడల్లో సముద్రం మీద వస్తున్నాయి. ద గ్రాస్ అఖాతంలో ఉన్నాడన్న వార్త సెప్టెంబరు 5న చెస్టర్ రేవులో అందినప్పుడు, ఎప్పుడూ నవ్వని మనిషిగా పేరున్న వాషింగ్టన్ ఒక చేత టోపీ, ఒక చేత చేతిరుమాలు పట్టుకుని పడవలో వస్తున్న రొషాంబో వైపు ఊపుతూ నిలబడ్డాడు.

ఆయన టోపీ ఊపుతున్న ఆ రోజునే, దక్షిణాన ఆ అఖాతం ముఖద్వారం దగ్గర, యుద్ధం గెలుపోటములు తేలుతున్నాయి. ఆ సంగతి ఆయనకు తెలియదు. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ ఒక్క మధ్యాహ్నం.

సెప్టెంబరు 5 ఉదయం ఫ్రెంచి కాపలా ఓడ ఒకటి తూర్పున తెరచాపలను చూసింది. మొదట బారాస్ వస్తున్నాడనుకున్నారు. దగ్గరయ్యే కొద్దీ లెక్క పెరిగి, వచ్చేది గ్రేవ్స్ నడిపిస్తున్న 19 బ్రిటిష్ యుద్ధనౌకలని తేలింది. ద గ్రాస్ మనుషుల్లో 90 మంది అధికారులూ, 1,800 మందికి పైగా నావికులూ పడవలేసుకుని సైనికులను దించడానికీ నీళ్ళూ కట్టెలూ తేవడానికీ ఒడ్డుకు వెళ్ళి ఉన్నారు. వాళ్ళ కోసం ఆగే వ్యవధి లేదు. లంగరు పైకి లాగే వ్యవధి కూడా లేక మోకులను వదిలేసి, లంగర్ల చోటు తెలియడానికి బుంగలు కట్టి, నీరు సముద్రం వైపు తీసే వేళ కోసం మధ్యాహ్నం దాకా కాచుకుని, 24 నౌకలు ఒకదాని వెనక ఒకటి కాక ఎవరికి వీలైనట్టు వాళ్ళు బయటపడ్డాయి. కొన్ని నౌకల్లో పై అంతస్తు ఫిరంగుల దగ్గర నిలబడడానికి మనుషులే లేరు. ఆ గందరగోళంలో బయటకు వస్తున్న ముందు నౌకల మీద గ్రేవ్స్ విరుచుకుపడి ఉంటే ఏమయ్యేదో అని ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆయన పడలేదు. వరుస సరిచూసుకుని, ఎదుటివాడికి కూడా వరుస సరిచూసుకునే వీలిచ్చి, నాలుగు గంటలు దాటాక ఫిరంగులు పేల్చడం మొదలుపెట్టాడు.

అప్పుడు జరిగినది చిన్న గుడ్డముక్కల గొడవ. 'దగ్గరకు వెళ్ళి తలపడండి' అనే జెండాతోపాటు 'వరుస తప్పకండి' అనే జెండా కూడా గ్రేవ్స్ స్తంభం మీద ఎగురుతూనే ఉంది. చివరి వరుసలో ఉన్న హుడ్, రెండో జెండాకే విలువిచ్చి, వరుసలో ఉండిపోయాడు. పొద్దుగూకే వేళకు పోరు ఆగినప్పుడు ఆయన నౌకలు దాదాపుగా పోరులోకే దిగలేదు. ఏ ఓడా చేతులు మారలేదు. బ్రిటిష్ వైపు 90 మంది చనిపోయారు, దెబ్బతిన్న ఒక నౌకను తర్వాత వాళ్ళే తగలబెట్టుకున్నారు. రెండున్నర గంటలు సాగిన ఈ పోరులో కథలు చెప్పుకునేంత వీరగాథ ఏదీ లేదు. రెండు దళాలూ ఆ తర్వాత కొన్ని రోజులు ఒకదానినొకటి చూసుకుంటూ దక్షిణానికి కొట్టుకుపోయాయి. ఈ లోపల బారాస్ మెల్లగా అఖాతంలోకి జారుకుని ఫిరంగులను దింపాడు. ద గ్రాస్ వెనక్కి తిరిగి ముఖద్వారం మూసుకున్నాడు. సెప్టెంబరు 13న గ్రేవ్స్ తన అధికారులతో సమాలోచన చేసి, ఓడల మరమ్మతుకు న్యూయార్కు వెళ్ళడమే మంచిదని నిర్ణయించుకున్నాడు. కార్న్‌వాలిస్ భవిష్యత్తు ఆ రోజుతో తీరిపోయింది. అప్పటికి వాషింగ్టన్ సైన్యం యార్క్‌టౌన్ ముందు ఒక్క గునపం కూడా దించలేదు.

గునపం దించింది అక్టోబరు 6 రాత్రి. సెప్టెంబరు 28న విలియమ్స్‌బర్గ్ నుంచి కదిలిన మిత్రసైన్యం పదహారు వేలకు పైమాటే, అందులో సగం ఫ్రెంచివాళ్ళు. సముద్రం మీదున్న నావికులను కూడా కలుపుకుంటే ఫ్రెంచివాళ్ళే చాలా ఎక్కువ. వాన తుంపర పడుతున్న చీకట్లో 1,500 మంది మాట్లాడకుండా తవ్వుతుంటే, అంతకు దాదాపు రెట్టింపు మంది కాపలా కాశారు. తెల్లవారేసరికి తల దాచుకునేంత కందకం తయారైంది. ఫ్రెంచి ఇంజనీర్లకు ఇది బళ్ళో నేర్చుకున్న లెక్కలాంటిది: మొదటి కందకం ఇంత దూరంలో, రెండోది అందులో సగం దూరంలో, అక్కడ నుంచి ఇన్ని రోజులు ఫిరంగులు పేలిస్తే ఇన్నో రోజుకు కోట పడుతుంది. పడకపోవడానికి ఒకటే కారణం ఉంటుంది, బయట నుంచి సాయం రావడం. అక్టోబరు 9 మధ్యాహ్నం ఫిరంగులు మొదలయ్యాయి. మరునాటి రాత్రి ఏట్లో ఉన్న 'షారన్' అనే బ్రిటిష్ యుద్ధనౌక ఎర్రగా కాల్చిన గుండ్లకు అంటుకుని తెరచాపల దాకా మండిపోయింది.

రెండో కందకం ఏటి ఒడ్డు దాకా సాగడానికి రెండు మట్టిబురుజులు అడ్డంగా ఉన్నాయి. అక్టోబరు 14 రాత్రి తొమ్మిదో నెంబరు బురుజు మీదకు ఫ్రెంచివాళ్ళు, పదో నెంబరు మీదకు అలెగ్జాండర్ హామిల్టన్ నడిపించిన 400 మంది వెళ్ళారు. హామిల్టన్ మనుషులు తుపాకుల్లో మందు దట్టించకుండా బాయొనెట్లతో మాత్రమే కదిలారు. పొరపాటున ఒక తుపాకి పేలితే అందరికీ ముప్పని అలా చేశారు. హామిల్టన్ వెంట ఉన్నవాళ్ళలో రోడ్ ఐలండ్ పటాలంలోని నల్లజాతి సైనికులూ ఉన్నారు. పది నిమిషాల్లో పని అయిపోయింది. ఈ పదో బురుజు ఉన్న మెరకను తర్వాత నది కోసుకుపోయింది, ఇప్పుడు మనం చూసేది చాలావరకు మళ్ళీ కట్టినది. మామగారు ఆ గడ్డి దిబ్బ పక్కన నిలబడి కిందికి చూసి, ఏటి కోతకు మా కృష్ణ ఒడ్డున పొలాలు పోయినట్టే పోయింది కదా అన్నారు.

16వ తేదీ రాత్రి కార్న్‌వాలిస్ ఆఖరి ప్రయత్నంగా పడవల మీద సైన్యాన్ని గ్లౌస్టర్ వైపు దాటించి, అక్కడ ఉచ్చు తెంపుకుని పోదామనుకున్నాడు. మొదటి విడత దాటింది. నడిరాత్రి గాలివాన వచ్చి పడవలను చెదరగొట్టింది. మైలు కూడా లేని నీటిని ఆయన దాటలేకపోయాడు. అప్పటికి మశూచి, చలిజ్వరాల వల్ల ఆయన సైన్యంలో దాదాపు సగం మంది లేవలేని స్థితిలో ఉన్నారు. 17వ తేదీ ఉదయం పది గంటల ప్రాంతంలో ఎర్రకోటు వేసుకున్న ఒక డప్పు కుర్రవాడు మట్టిగోడ మీదకెక్కి డప్పు కొట్టాడు, పక్కన ఒక అధికారి తెల్ల చేతిరుమాలు ఊపాడు. ఫిరంగుల మోతలో ఆ డప్పు చాలాసేపు ఎవరికీ వినపడలేదు.

19న లొంగుబాటు. ఒంట్లో బాగాలేదని కార్న్‌వాలిస్ రాలేదు, తన కింది అధికారి ఓహారాను పంపాడు. ఓహారా రొషాంబో వైపు మళ్ళితే ఆయన వాషింగ్టన్‌ను చూపించాడు, వాషింగ్టన్ తన కింది అధికారి లింకన్‌ను చూపించాడు. ఏడాది కిందట చార్లెస్టన్‌లో లొంగిపోయి, జెండాలు విప్పుకుని నడిచే మర్యాద కూడా దక్కనివాడు ఆ లింకన్. అదే అమర్యాద ఇప్పుడు బ్రిటిష్‌వాళ్ళకు చేశారు. ఆ రోజు బ్రిటిష్ వాద్యాలు 'లోకం తలకిందులైంది' అనే పాట వాయించాయని గైడ్లు తప్పకుండా చెబుతారు. దానికి గట్టి ఆధారం లేదు. కాని చుట్టాలకు అదే గుర్తుంటుంది. ఆయుధాలు దించినవాళ్ళు సైనికులే ఏడు వేలకు పైగా ఉన్నారు. అదే రోజు న్యూయార్కు నుంచి క్లింటన్ సహాయ సైన్యంతో, గ్రేవ్స్ నౌకలతో బయలుదేరాడు. 24వ తేదీన చెసపీక్ బయటకు చేరి, సంగతి తెలుసుకుని వెనక్కి తిరిగాడు. మిత్రపక్షంలో చనిపోయినవారు వందలోపే. ఖండాంతరాన దాదాపు ఏడేళ్ళుగా సాగుతున్న యుద్ధాన్ని తేల్చిన ముట్టడికి అది చాలా చిన్న సంఖ్య. ఎక్కువమంది చావవలసిన అవసరం రాకపోవడానికి కారణం, చావో రేవో తేలవలసిన రేవు అప్పటికే మూతబడి ఉండడం.

ఇక్కడ ఒక పక్క సంగతి చెప్పక తప్పదు, ఎందుకంటే అది పలకల మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కార్న్‌వాలిస్ సైన్యం వర్జీనియాలో తిరిగిన నెలల్లో వేలమంది బానిసలు తోటలు విడిచి, స్వేచ్ఛ దొరుకుతుందని ఆ సైన్యం వెంట నడిచారు. వాషింగ్టన్ సొంత ఎస్టేటు నుంచి కూడా ఆ ఏప్రిల్‌లో 17 మంది బ్రిటిష్ ఓడెక్కారు. ముట్టడిలో తిండి తరిగిపోయాక, మశూచితో ఉన్నవాళ్ళను కార్న్‌వాలిస్ మనుషులు కోట బయటకు తోలేశారు. అడవిలో పడి ఉన్న శవాల నోళ్ళలో కాలిన మొక్కజొన్న గింజలు చూశానని ఒక అమెరికన్ సైనికుడు రాసుకున్నాడు. బతికినవాళ్ళకు లొంగుబాటు ఒప్పందంలోని నాలుగో షరతు వర్తించింది: ఈ రాష్ట్రాల నివాసుల ఆస్తి ఏదైనా కోటలో దొరికితే యజమాని తిరిగి తీసుకోవచ్చు. వాషింగ్టన్ ఎస్టేటు నుంచి పారిపోయినవాళ్ళలో కొందరు అలాగే వెనక్కి వచ్చారు. కార్న్‌వాలిస్ శిబిరంలో ఉంటూ లఫాయెత్‌కు రహస్యాలు చేరవేసిన జేమ్స్ అనే బానిసకు స్వేచ్ఛ 1787లో గాని రాలేదు. మామగారు ఆ షరతును రెండుసార్లు చదివి ఏమీ అనలేదు.

ఇక ఆయన ప్రశ్నకు వస్తాను. ద గ్రాస్ నౌకాదళం 1781 మార్చి 22న ఫ్రాన్సులోని బ్రెస్టు రేవు నుంచి బయలుదేరినప్పుడు, దానితో కలిసి మరో అడ్మిరల్ అయిదు యుద్ధనౌకలతో బయలుదేరాడు. వారం రోజులు కలిసి నడిచి, అట్లాంటిక్‌లో విడిపోయి, ఒకటి పడమటికి, ఒకటి దక్షిణానికి పోయాయి. పడమటికి పోయినది యార్క్‌టౌన్‌ను తేల్చింది. దక్షిణానికి పోయినవాడు సుఫ్రెన్, ఆయన గమ్యం మన కోరమాండల్ తీరం. హైదరాలీ 1780 సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కంపెనీ సైన్యాన్ని తుడిచిపెట్టి, ఆర్కాటు నవాబు ఏలిన కర్ణాటకంలో తిరుగుతున్న రోజులవి. నేల మీద ఒక స్వదేశీ సైన్యం, సముద్రం మీద ఒక ఫ్రెంచి నౌకాదళం, మధ్యలో తీరాన్ని పట్టుకుని వేలాడుతున్న ఇంగ్లీషువాళ్ళు. యార్క్‌టౌన్‌లో కుదిరిన పొందికే ఇక్కడా కుదిరేలా ఉంది. అమెరికన్లకూ ఆ పోలిక తెలుసు. పెన్సిల్వేనియావాళ్ళు 1782లో ఒక ఓడకు 'హైదర్ అలీ' అని పేరు పెట్టుకున్నారు, అది ఆ ఏప్రిల్‌లో ఒక బ్రిటిష్ ఓడను పట్టుకుంది కూడా.

కాని మన దగ్గర ఆ పొందిక కుదరలేదు. సుఫ్రెన్ 1782 ఫిబ్రవరిలో గాని ఈ తీరానికి రాలేదు. సద్రాస్ మొదలుకొని కడలూరు దాకా బ్రిటిష్ అడ్మిరల్ హ్యూస్‌తో అయిదు యుద్ధాలు చేశాడు, ద గ్రాస్‌కంటే ఎంతో చురుకుగా చేశాడు, అయినా మద్రాసు దారిని మూసి ఉంచలేకపోయాడు. హైదరాలీ ఆ డిసెంబరులో చిత్తూరు దగ్గర శిబిరంలో రాచపుండుతో చనిపోయాడు. 1783 జూన్ 20న కడలూరు దగ్గర సుఫ్రెన్ పైచేయి సాధించాక, నెల తిరగకముందే సంధి కుదిరిందన్న వార్త ఓడలో వచ్చి అందరినీ ఆపేసింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో చివరి పెద్ద పోరు ఒక తమిళ తీరంలో జరిగిందని చెబితే ఇక్కడి గైడు నమ్మలేదు, ఫోను తీసి వెతుక్కుని, అప్పుడు నమ్మాడు.

1857లో అయితే ఆ మాత్రం ఆశ కూడా లేదు. బ్రిటన్‌తో ఏ ఐరోపా రాజ్యమూ యుద్ధంలో లేదు. చైనాకు పోతున్న పటాలాలను దారి మళ్ళించి కలకత్తాకు తెచ్చుకున్నారు. 'షానన్' అనే నౌకలోని ఫిరంగులను దించి గంగ మీదుగా లాక్కుపోయి లక్నో మీద పేల్చారు. సిపాయిలు ఢిల్లీని పట్టుకోగలిగారు గాని, హుగ్లీ ముఖద్వారాన్ని మూయగలిగే ఒక్క ఓడ వాళ్ళకు లేదు. నా జవాబు ఇంతే.

మామగారు దీన్ని సగమే ఒప్పుకున్నారు. "నీళ్ళ మాట సరే. ఆ నీళ్ళ మీద ఓడలు వచ్చేదాకా ఆరేళ్ళు చలిలో, ఆకలిలో సైన్యం చెదిరిపోకుండా పట్టుకున్నదెవరు? మన దగ్గర ఆ పట్టుకునే చెయ్యి ఒక్కటి లేదు. ఢిల్లీ ఒకటి, కాన్పూరు ఒకటి, ఝాన్సీ ఒకటి" అన్నారు. ఈ మాట నాకు గుచ్చుకుంది. యార్క్‌టౌన్ తర్వాత కూడా న్యూయార్కు, చార్లెస్టన్, సవన్నా బ్రిటిష్ చేతుల్లోనే ఉన్నాయి. ద గ్రాస్ ఆరు నెలలు తిరగకముందే, 1782 ఏప్రిల్ 12న సెయింట్స్ దీవుల దగ్గర రాడ్నీకి ఖైదీగా చిక్కాడు, సముద్రం మళ్ళీ ఇంగ్లీషువాళ్ళదైంది. అయినా ఫిబ్రవరిలోనే పార్లమెంటు యుద్ధం చాలన్నది, మార్చిలో ప్రధాని లార్డ్ నార్త్ ప్రభుత్వం పడిపోయింది. మూసుకున్న దారి తెరుచుకునేసరికి లండనుకు ఓపిక లేకుండా పోయింది, ఆ ఓపిక పోవడం వెనుక మామగారు చెప్పిన ఆరేళ్ళు ఉన్నాయి. ఆ మేరకు నా వాదనలో లోటు ఉందని ఒప్పుకుంటున్నాను.

లొంగిపోయిన కార్న్‌వాలిస్ పరువు పోయి మూలన కూర్చోలేదు. 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1788లో నిజాం మీద ఒత్తిడి తెచ్చి గుంటూరు సర్కారును కంపెనీకి తీసుకున్నాడు. 1792లో శ్రీరంగపట్నం ముందు నిలిచి, టిప్పు కొడుకులిద్దరిని తాకట్టుగా తీసుకున్నాడు. ఈసారి ముట్టడి వేసినవాడు ఆయన, వెనక సముద్రం ఆయనదే. బెంగాలులో 1793లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు ఒప్పందాన్నే 1802లో ఉత్తర సర్కారులకూ తెచ్చి జమీందారుల కాగితాలు రాశారు. "అయితే ఈయన ఇక్కడ ఓడిపోబట్టే మా ఊరికి వచ్చాడన్నమాట" అని మామగారు కారులో చాలాసేపు నవ్వారు.

మరునాడు వర్జీనియా బీచికి వెళ్ళినప్పుడు, అసలు పోరు జరిగిన చోటు చూపించమని ఆయన పట్టుబట్టారు. అఖాతం ముఖద్వారం దగ్గర కేప్ హెన్రీలో ద గ్రాస్ విగ్రహం ఉంది, కాని అది సైనిక స్థావరం లోపల ఉంది. గేటు దగ్గర గుర్తింపు కాగితం అడిగారు. మామగారి పాస్‌పోర్టు ఇంట్లో బీరువాలో ఉండిపోయింది. వెనక్కి తిరిగి, అందరూ స్నానాలు చేసే ఒడ్డుకే వచ్చాం. పిల్లలు ఇసుకలో గుంతలు తవ్వుకుంటున్నారు. ఆయన పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి, చెప్పులు చేత పట్టుకుని, అలల్లో నిలబడి ఈశాన్యం వైపు చూశారు. నార్‌ఫోక్ స్థావరం నుంచి బయటకు వస్తున్న బూడిదరంగు యుద్ధనౌక ఒకటి దూరంగా పోతోంది. అది కనుమరుగయ్యేదాకా ఆయన అక్కడే ఉన్నారు.